ముందు ఎవరెళ్లాలి?

(రోడ్డు భద్రతా మాసోత్సవాల్లో శ్రీకాకుళంలో ఆటో, ట్యాక్సీ డ్రైవర్లు, డిగ్రీ విద్యార్థుల ముందు ఒక ట్యాక్సీ డ్రైవరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

"దుబాయ్ రూల్స్ గురించి రెండు ముక్కలు చెప్పండి, చాలు" అని నన్ను పిలిచారు. నేను పంతుల్ని కాదు, ఆఫీసర్ని కాదు. మాది సోంపేట పక్కన పల్లెటూరు. 2008లో దుబాయ్ వెళ్లాను, 2021లో వచ్చేశాను. మొదట కంపెనీ వ్యాను, తర్వాత చాలా ఏళ్లు ట్యాక్సీ, ఆఖర్న స్కూలు బస్సు నడిపాను. ఇప్పుడు నరసన్నపేటలో సొంత కారు పెట్టుకుని కిరాయిలకు తిప్పుకుంటున్నాను. ఎక్కడైనా తప్పు చెబితే ముందు వరసలో పెద్ద డ్రైవర్లు ఉన్నారు, ఆపేయండి.

అందరూ మొదట అడిగేది కుడి ఎడమల గురించే. అక్కడ బండి రోడ్డుకి కుడివైపు నడపాలి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. అదే పెద్ద కష్టమనుకుంటారు గానీ మూడో రోజుకి అలవాటైపోతుంది. ముందు బండి ఎటు పోతే దాని వెనకాలే పోతాం కదా. భయపడాల్సింది రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. 2012లో సెలవు మీద ఇంటికొచ్చాను. ఓ రోజు తెల్లారగట్ల సోంపేటలో పెట్రోలు కొట్టించుకుని బారువ రోడ్డెక్కాను. ఎదర ఒక్క బండి లేదు. పాటలు పెట్టుకుని హాయిగా పోతున్నాను. కాసేపటికి ఎదురుగా ఒక లారీ వాడు ఆపకుండా డిప్పు కొడుతున్నాడు. వీడికేం తొందర అని తిట్టుకున్నాను. పక్కనున్న మా ఆవిడ నెమ్మదిగా "ఏమండీ, మనం ఏ దేశంలో ఉన్నాం?" అంది. (నవ్వులు) కుడివైపు పోతున్నానని అప్పుడు తెలిసింది. చూడండి, ఆ లారీ వాడిదే తప్పని నాకు ఎంత గట్టి నమ్మకమో!

గల్ఫ్ వెళ్లొచ్చే కుర్రాళ్లకి ఓ గుర్తు చెబుతాను. ఏ దేశమైనా సరే, డ్రైవరు కూర్చున్న వైపు రోడ్డు మధ్య గీత ఉండాలి. ప్యాసింజరు వైపు రోడ్డు అంచు ఉండాలి. మధ్య గీత పక్క సీటు వైపు కనిపించిందంటే వెంటనే బండి మార్చుకోండి.

ఇక లైసెన్సు. ఇక్కడ నాకు హెవీ లైసెన్సు ఎలా వచ్చిందో చెబుతాను, ఏ ఊళ్లోనో అడక్కండి. ఏజెంటుకి డబ్బులిచ్చాం. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారి ముందు బండి పది గజాలు ముందుకి, పది గజాలు వెనక్కి తోలాను. ఆయన ఫోను మాట్లాడుతున్నారు. అయిపోయింది. ఆ కార్డు పట్టుకుని అక్కడికి పోతే, మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టమన్నారు. కళ్ల పరీక్ష, థియరీ పరీక్ష, ఆ తర్వాత యార్డులో పార్కింగు పరీక్ష. ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదలాలి. గ్యారేజీలోకి రివర్స్ పెట్టాలి. రెండు బండ్ల మధ్య వారగా పెట్టాలి. అరవై డిగ్రీల ఏటవాలులో పెట్టాలి. బ్రేకు వెయ్యమనగానే ఉన్నచోటే ఆపాలి. ఇవన్నీ దాటితే అప్పుడు రోడ్డు టెస్టు.

రోడ్డు టెస్టులో మూడుసార్లు ఫెయిలయ్యాను. మొదటిసారి బండి ఎంత బాగా తోలానో! ఇంత నున్నగా తోలితే ఎలా ఫెయిల్ చేస్తారని గొడవ పెట్టుకున్నాను కూడా. కాగితం మీద రాసింది ఒకటే: లైను మారేటప్పుడు భుజం మీదుగా తల తిప్పి చూడలేదని. మాకు నేర్పినాయన పెషావర్ పఠాను. పక్కన కూర్చుని "శీషా, శీషా, కంధా!" అని అరుస్తూ ఉండేవాడు. ఈ అద్దం, ఆ అద్దం, తర్వాత భుజం. అద్దంలో పడని జాగా ఒకటి ఉంటుంది, బైకు సరిగ్గా అందులోనే దాక్కుంటుంది. ఇప్పటికీ నరసన్నపేట బజార్లో నేను తల తిప్పి చూస్తే, వెనక సీట్లో వాళ్లు నేనెవరినో పలకరిస్తున్నానని వాళ్లూ అటు చూస్తారు.

హారన్ సంగతికొద్దాం. మనకి హారన్ ఒక మాట. "వస్తున్నాను నాయనా, చూసుకో" అనడం. లారీ వెనకాల సౌండ్ హారన్ అని పెయింటు వేయించి మరీ కొట్టమని అడుగుతాం. మా నాన్న లారీ క్లీనరుగా మొదలై డ్రైవరయ్యాడు. ఆ రోజుల్లో క్లీనరు తలుపు మీద ఒక దెబ్బ కొడితే ఆపమని, రెండు కొడితే పొమ్మని. చెయ్యి బయటపెట్టి ఊపితే వెనకవాడికి సైడిచ్చినట్టు. అదంతా ఒక భాష. నేను ఆ భాషతోనే దుబాయ్ వెళ్లాను. లైసెన్సు చేతికొచ్చిన మొదటి వారంలో వ్యాను నడుపుతూ, అలవాటు కొద్దీ, ఒక కారుని దాటేటప్పుడు చిన్నగా హారన్ కొట్టాను. సిగ్నల్ దగ్గర ఆ కారాయన అద్దం దించి, కోపంగా కాదు, బాధగా అడిగాడు: "నేనేం చేశాను?" అక్కడ హారన్ కొడితే తిట్టినట్టే. ట్యాక్సీ నడిపిన రోజుల్లో వారం పది రోజులు హారన్ ముట్టుకోకుండా గడిచిపోయేది.

లైటూ అంతే. ఇక్కడ ఎదురుగా వచ్చేవాడు డిప్పు కొట్టాడంటే "నేను వచ్చేస్తున్నాను, నువ్వాగు" అని. అక్కడ ఎక్కువగా వెనకాల నుంచి కొడతారు. ఎడమ చివరి లైను స్పీడుగా పోయేవాళ్లది. అందులో నెమ్మదిగా పోతుంటే వెనక పెద్ద బండివాడు వచ్చి లైటు కొడతాడు, కుడికి తప్పుకోమని. అక్కడ మనుషులంతా దేవుళ్లని చెప్పడానికి రాలేదు నేను. దుబాయ్‌లో పెద్ద హైవే షేక్ జాయెద్ రోడ్డు మీద బంపరుకి బంపరు తగిలేంత దగ్గరికొచ్చి బెదిరించేవాళ్లని రోజూ చూశాను. దానికీ జరిమానా ఉంది, 400 దిర్హాములు, 4 నల్ల పాయింట్లు. నల్ల పాయింట్లు 24కి చేరితే లైసెన్సు ఆపేస్తారు. ట్యాక్సీ వాడికి లైసెన్సు ఆగిందంటే ఇంటికి టికెట్టు కొనుక్కోవడమే.

ఇంకో తమాషా. దుబాయ్‌లో బోర్డు మీద 100 అని ఉంటే 120 వరకు కెమెరా ఊరుకుంటుంది. పక్కనున్న అబుదాబిలో 2018 ఆగస్టులో ఈ ఇరవై తీసేశారు. దానికి తగ్గట్టు బోర్డుల మీద అంకెలు పెంచారు, ఎంతుంటే అంతే అన్నారు. పొద్దున్న దుబాయ్‌లో ఉండి మధ్యాహ్నం అబుదాబి పోయే మా డ్రైవర్లకి కొన్నాళ్లు ఒకటే టెన్షన్, ఎక్కడ ఏ లెక్కో తెలీక. ఒక దేశంలోనే ఇన్ని తేడాలు.

జరిమానాలంటే అక్కడే ఎక్కువ, మన చట్టం మెత్తన అనుకుంటారు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక చూడండి. అంబులెన్సుకి దారివ్వకపోతే 10,000 రూపాయలు. పిల్లాడికి బండిస్తే తండ్రికి 25,000 రూపాయలు, మూడేళ్ల దాకా జైలు. హెల్మెట్ లేకపోతే వెయ్యి, మూడు నెలలు లైసెన్సు రద్దు. కాగితం మీద తక్కువేం లేదు. తేడా ఎక్కడంటే, అక్కడ కెమెరా ఫొటో తీస్తుంది, ఫోనుకి మెసేజ్ వస్తుంది. బతిమాలడానికి ఎదురుగా మనిషి ఉండడు. ఇక్కడ మనకి మాట్లాడుకునే వీలుంది. "సార్, మందులకని వచ్చాను సార్, హెల్మెట్ ఇంట్లో ఉండిపోయింది సార్" అని. నేనూ అన్నాను. మందులు లేవు, బిర్యానీ పార్సెల్ ఉంది. (నవ్వులు) ఇప్పుడు మనకీ ఫొటో చలానాలు వస్తున్నాయనుకోండి.

నాకు అసలు కనబడిన తేడా వేరే ఉంది. రోడ్డు మీద రెండు బండ్లు ఎదురుపడితే తేల్చుకోవాల్సింది ఒకటే: ముందు నువ్వా, నేనా? అక్కడ ఆ జవాబు ముందే రాసిపెట్టి ఉంటుంది. రౌండ్ దగ్గర చక్రంలో తిరుగుతున్న బండి ముందు. రోడ్డు దాటే జీబ్రా చారల మీద కాలు పెట్టినవాడు ముందు, ఆగకపోతే 500 దిర్హాములు, 6 పాయింట్లు. మన లెక్కలో పది వేల రూపాయల పైమాటే. స్కూలు బస్సు స్టాప్ బోర్డు తెరిస్తే పిల్లలు ముందు. నేను బస్సు ఆపి ఆ మీట నొక్కగానే ఎర్ర బోర్డు పక్కకి విచ్చుకునేది. కోటి రూపాయల కారైనా సరే ఐదు మీటర్ల అవతలే ఆగాలి. ఆగకపోతే వెయ్యి దిర్హాములు, ఒకేసారి 10 పాయింట్లు. సోంపేట వాడి చేతిలో మీట, అవతల అంత ఖరీదైన కారు. ఆ మీట నొక్కడమంటే నాకు భలే సరదాగా ఉండేది.

ఇప్పుడు మన ఏడు రోడ్ల కూడలికి సాయంత్రం ఆరు గంటలకి రండి. ముందెవరన్నది అప్పటికప్పుడు తేలాలి. బైకు కుర్రాడు ముందు చక్రం జానెడు దూరుస్తాడు. ఎవరూ అరవకపోతే ఇంకో జానెడు. ఆటో వాడు పక్కనుంచి ముక్కు పెడతాడు. బస్సు డ్రైవరు ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించారా? మన వైపు చూడడు. చూస్తే ఆగాలి. అంచేత చూడనట్టు నటిస్తాడు. చూడలేదు కాబట్టి ఆగడు, ఆగడు కాబట్టి మనం ఆగుతాం. నేనూ అదే చేస్తాను, అబద్ధమెందుకు.

నిజానికి మన దగ్గరా రాసిపెట్టే ఉంది. 2017లో కేంద్రం డ్రైవింగు రెగ్యులేషన్స్ తెచ్చింది. రౌండ్‌లో ఉన్న బండికే ముందు దారని అందులో ఉంది. ఇది తెలిసినవాళ్లు చేతులెత్తండి. ముగ్గురు. పర్లేదు, నాకూ తిరిగొచ్చాకే తెలిసింది.

ఆ తిరిగొచ్చిన మొదటి నెలలో జరిగింది చెబుతాను. నరసన్నపేట బజారు రోడ్డు. చారలు సగం చెరిగిపోయి ఉన్నాయి. ఒక ముసలమ్మ, తల మీద కూరల గంప, రోడ్డు దాటుదామని అంచున నించుంది. పదమూడేళ్ల అలవాటు, కాలు దానంతటదే బ్రేకు మీదకెళ్లింది. ఆగాను. ఆవిడ కదలదు. రమ్మని చెయ్యి ఊపాను. ఆవిడ నన్ను పొమ్మని చెయ్యి ఊపింది. నేను మళ్లీ ఊపాను. "ఏటి బావూ ఆగిపోనావు? బండి పాడైపోనాదా? నువ్వెల్లిపో, నానెల్తాను" అంది. వెనకాల హారన్లు మొదలయ్యాయి. ఆవిడ పాపం, ఇంత గొడవ తన వల్లే అనుకుని, గంప పట్టుకుని గబగబా అడుగేసింది. నా వెనక ఆటో వాడు నా బండి చెడిపోయిందనుకున్నాడు. ఎడమ పక్కనుంచి దూరి ముందుకొచ్చేశాడు.

గంప పోయింది. వంకాయలు రోడ్డంతా. ఆవిడకి మోచెయ్యి గీసుకుంది, అంతే, సూర్యనారాయణ మూర్తి దయ. ఆటో కుర్రాడు వణికిపోతున్నాడు. దిగి వంకాయలు ఏరాం, ముగ్గురం. ఆవిడ ఆ కుర్రాణ్ని ఒక్క మాట అనలేదు. నన్నే తిట్టింది. "నువ్వు ఆగబట్టే గదా!" అంది.

ఆ రోజంతా ఆలోచించాను. చట్టం ప్రకారం నేను చేసింది ఒప్పు. కానీ అక్కడ చారల దగ్గర నేను ఆగానంటే పక్క లైను వాడూ ఆగుతాడు, వెనకవాడికి నేనెందుకు ఆగానో తెలుసు, దాటే మనిషికి నేను ఆగుతానని తెలుసు. ఇక్కడ నలుగురిలో నా ఒక్కడికే తెలుసు. ముసలమ్మ లెక్క వేరు. బండి ఆగదు, సందు దొరికితే దాటాలి. ఆవిడ జీవితమంతా ఆ లెక్క తప్పలేదు. నేనొచ్చి తప్పించాను.

అలాగని ఆగడం మానలేదు. ఆగే పద్ధతి మార్చాను. దూరం నుంచే బ్రేకు రెండుసార్లు తాకుతాను, వెనకవాడికి ఎర్ర లైటు కనబడేలా. అద్దంలో ఎవరున్నారో చూస్తాను. కుడి చెయ్యి బయటపెట్టి, మా నాన్న పద్ధతిలో, కిందికి మెల్లగా ఊపుతాను. చెయ్యి కనిపిస్తే మన వాళ్లు ఇప్పటికీ ఆగుతారండి. ఇండికేటర్ని నమ్మరు గానీ చేతిని నమ్ముతారు. వెనకాల లారీ మరీ దగ్గరగా ఉంటే మాత్రం ఆగను, నిజం చెబుతున్నాను. మెల్లగా పోనిస్తాను.

బండికీ బండికీ మధ్య ఖాళీ కూడా ఇలాంటిదే. ముందు బండి ఒక స్తంభం దాటాక మనం అక్కడికి రావడానికి కనీసం రెండు సెకండ్లు పట్టాలని నేర్పారు. గంటకి 100 కిలోమీటర్ల స్పీడులో సెకనుకి 28 మీటర్లు పోతాం. అంటే 56 మీటర్లు వదలాలి. మన హైవే మీద 56 మీటర్లు వదిలితే మూడు బైకులు, ఒక ఆటో, ఒక గేదె దూరతాయి. (నవ్వులు) దూరనివ్వండి. కాలు కొంచెం తీసి మళ్లీ ఖాళీ చేసుకోండి. విశాఖ చేరేసరికి ఐదు నిమిషాలు తేడా వస్తుందేమో.

మన రోడ్డునీ తిట్టి ఊరుకోవడం న్యాయం కాదు. దుబాయ్‌లో చాలా చోట్ల ముందు రోడ్డు వేశారు, తర్వాత ఇళ్లొచ్చాయి. మనకి ఊళ్లు తాతల నాటివి, 16వ నంబరు హైవే వాటి మధ్యలోంచి పోయింది. ఇల్లు ఇటు, పొలం అటు. పాలు పోసేవాడు క్యాన్లు కట్టుకుని రాంగ్ రూట్‌లో వస్తాడు. తప్పే. నేనూ భయపడతాను, రాత్రిపూట మరీను. కానీ సరైన దారిలో పోవాలంటే యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల, మళ్లీ వెనక్కి రెండు. రోజుకి రెండుసార్లు. అక్కడ ఐదారు కిలోమీటర్లు పోయి తిరిగొచ్చేవాళ్లం, ఏసీ కారులో. రోడ్డు దాటడానికి ఏసీ వంతెనలు కూడా ఉన్నాయి. ఎండలో గంప మోసేవాడికి, ఏసీలో కూర్చున్నవాడికి ఒకే రూలు పెట్టినప్పుడు రోడ్డు వేసేవాడు కూడా కొంచెం ఆలోచించాలి. లోడు లారీ కుడి లైను వదలదని కోప్పడతాం. వాణ్ని అడిగితే, ఎడమ లైనులో ఆగిన బండ్లు, ఆవులు, ధాన్యం ఉంటాయంటాడు. అదీ నిజమే.

ధాన్యం అంటే గుర్తొచ్చింది. సంక్రాంతి ముందు మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తాం. చోళ్లు, ఉలవలు పరిచి బండ్ల చేత తొక్కిస్తాం. కళ్లాలు లేవు, ఏం చేస్తారు, నేనేమీ అనను. కానీ చుట్టూ రాళ్లు పెడతారు కదా, సాయంత్రం ధాన్యం ఎత్తుకుని రాళ్లు వదిలేస్తారు. చీకటి పడ్డాక ఆ రాయి బైకు వాడికి కనబడదు. దయచేసి ధాన్యంతో పాటు రాళ్లూ ఎత్తండి. ఇది దుబాయ్ నుంచి నేర్చుకోవాల్సిన పని కాదు.

బండ్లు గుద్దుకున్నాక ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. దుబాయ్‌లో చిన్న దెబ్బయితే బండి పక్కకి తీసి పోలీసుకి ఫోను చేస్తాం. ఆయన వచ్చి చూసి, తప్పు లేనివాడికి పచ్చ కాగితం, తప్పున్నవాడికి ఎర్ర కాగితం ఇస్తాడు. కాగితం లేకుండా ఏ షెడ్డు వాడూ బంపరు ముట్టుకోడు. పెద్ద బండా చిన్న బండా అన్న లెక్క లేదు. ఇక్కడ జనం పోగై తీర్పు చెబుతారు, అది ముందే తెలిసిన తీర్పు: పెద్ద బండిదే తప్పు. సైకిలు వచ్చి కారుని గుద్దినా కారుదే తప్పు. అందుకే మా లారీ వాళ్లు కొందరు ఆగకుండా పోతారు. తప్పు చేసి కొందరు, దెబ్బలకి భయపడి కొందరు. అయితే ఆ జనమే, దెబ్బ తగిలిన మనిషిని చేతుల మీద మోసుకుపోయి ఆటోలో ఎక్కిస్తారు. 108 వచ్చేలోపు నీళ్లు, గుడ్డ అన్నీ వచ్చేస్తాయి. 2019 సవరణ తర్వాత వచ్చిన రూల్స్‌లో ఇంకో సంగతి ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లినవాణ్ని పేరు చెప్పమని, సాక్ష్యానికి రమ్మని బలవంతపెట్టకూడదు. ఇష్టముంటేనే చెప్పాలి. ఇది ప్రతి ఆటో స్టాండులో రాసి పెట్టండి. కేసవుతుందని భయపడి వెనక్కి తగ్గేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇంక చాలు, మైకు ఇచ్చేస్తాను. ఎవరో చెయ్యెత్తారు. చెప్పు తమ్ముడూ.

ప్యాసింజరు చెయ్యెత్తితే రోడ్డు మధ్యలో ఆపడం గురించి అడుగుతున్నాడు. అక్కడ ట్యాక్సీ ఎక్కడ పడితే అక్కడ ఆపకూడదు. బస్ స్టాపులో ఆపకూడదు, మలుపులో ఆపకూడదు. ప్యాసింజరు చెయ్యెత్తినా, జాగా ఉన్నచోటు దాకా ముందుకి పోయి ఆపుతాం, అతనే నడిచొస్తాడు. నువ్వూ ముప్పై అడుగులు ముందుకెళ్లి పక్కకి తీసి ఆపొచ్చు కదా?

ఏమిటీ? "ఆలోపు వెనకాల ఆటో వాడు ఎక్కించుకుపోతాడు." అవును. ఎక్కించుకుపోతాడు. నేను నీ చోట ఉన్నా మధ్యలోనే ఆపుతానేమో. ఇది నీ ఒక్కడితో అయ్యేది కాదు. మీ స్టాండులో ఎన్ని బండ్లు? నలభై రెండా? ఆ నలభై రెండు మందిలో ఈరోజు ఎంతమంది వచ్చారు? పదకొండు. సరే, మీ ప్రెసిడెంటు ఎవరు, ఇటు రండి. డే అండ్ నైట్ జంక్షన్‌లో ఎక్కడ ఆపితే అందరికీ కుదురుతుందో టీ తాగుతూ మాట్లాడదాం. వెనక కుర్చీల్లో పిల్లలు వెళ్లిపోవచ్చు, మీకు బస్సు టైమయింది.